అడుగు మూసిన చేతులు

“అచ్చుతప్పులేమన్నా ఉన్నాయేమో చూడక్కా” అంటూ మా తమ్ముడు ప్రసాదు నా ఫోనుకు ఒక ఫొటో పంపించాడు. బాపట్లలో తెలుగు పంతులమ్మగా ఉద్యోగమంతా పిల్లల రాతలు దిద్దినదాన్ని కాబట్టి, మా బంధువుల్లో ఎవరు శుభలేఖ వేసినా, కరపత్రం వేసినా నా కళ్ళ ముందునుంచి పోవలసిందే. ఇది వాడు తెనాలిలో పెట్టబోతున్న మట్టి పాత్రల ప్రదర్శనలో, మా నాన్న కాలంనాటి కుండల పక్కన నిలబెట్టే అట్టముక్క. పైన పెద్ద అక్షరాల్లో నాన్న పేరు. దాని కింద ‘సంప్రదాయ కుంభకారుడు’ అని. అన్నిటికన్నా కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, ‘సహాయం: సామ్రాజ్యమ్మ’. అచ్చుతప్పు ఒక్కటి లేదు. ఉన్నా బాగుండేది, దిద్ది ఊరుకునేదాన్ని. ఆ ‘సహాయం’ దగ్గర నా ఒళ్ళు భగ్గుమంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, పనమ్మాయి వచ్చి స్టవ్వు కట్టేసి వెళ్ళింది, నేను మాత్రం ఫోను పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

సామ్రాజ్యమ్మ మా మేనత్త, నాన్నకు అక్క. మామయ్యను ఇల్లరికం తెచ్చుకున్నారు కాబట్టి పెళ్ళయ్యాక కూడా అత్త మా ఇంట్లోనే ఉండిపోయింది. మామయ్య బండి కట్టుకుని తెనాలికి కుండలు తోలేవాడు, నోట్లో నాలుక లేని మనిషి. వేమూరు పక్కన కాలవగట్టు కింద మా ఇల్లు. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తే ఊరంతా నీళ్ళ కోసం మొహాలు వేలాడేసుకునేది గాని మా ఇంట్లో అది పండగ. నీళ్ళు తీసిన కాలవ అడుగున ఒండ్రు పైన పెళ్ళలు కట్టి, లోపల వెన్నముద్దలా ఉండేది. తెల్లవారుతుండగానే అత్త పార పట్టుకుని దిగేది. ఇంత గిల్లి నాలిక మీద వేసుకుని, ఉప్పు తగిలితే ఉమ్మేసి ఇంకాస్త ముందుకు నడిచేది. ఉప్పున్న మట్టితో చేస్తే కాల్చాక కుండ మీద తెల్లగా పూస్తుంది అనేది. ఆవిణ్ణి చూసి మేమూ నాకి ఉమ్మేవాళ్ళం, అమ్మ కంటపడితే వీపు విమానం మోత మోగేది. ఇంటికొచ్చిన మట్టిని పెరట్లో గోతిలో నానేసేవాళ్ళు. మా ఇల్లంటే నాకిప్పటికీ ఆ నానిన ఒండ్రు వాసనే, దాని మీద ఊక పొగ, మధ్యలో ఎక్కడో నాన్న బీడీ. ఆ మట్టి తొక్కేది అత్తా అమ్మా. చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఎండెక్కేదాకా తొక్కేవాళ్ళు. కాలికి రాయి తగిలితే వంగి తీసి గోడ మీద పెట్టేవాళ్ళు. నాన్న అప్పటికింకా అరుగు మీద కూర్చుని రేడియోలో వార్తలు వింటూ ఉండేవాడు.

సారె దగ్గర నాన్న కూర్చునేవాడు. కర్రతో సారె తిప్పి, ముద్ద మధ్యలో వేలు దించి, గోడలు పైకి లాగి, మెడా అంచూ తీర్చి, దారంతో తెంపి పక్కన పెట్టేవాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది, కాదనను. మా ఇంటికి ఎవరొచ్చినా ఆ సారె దగ్గరే నిలబడి కళ్ళప్పగించి చూసేవాళ్ళు. కాని ఆ తెంపి పక్కన పెట్టినదాన్ని కుండ అనడానికి లేదు. మందపాటి గోడ, పైన మెడ, కింద ఏమీ లేదు. దానికి అడుగే ఉండదు. ఇటునుంచి చూస్తే అటున్న మనిషి కనిపిస్తాడు. అది కాస్త ఆరాక అత్త ఒళ్ళోకి వచ్చేది. లోపల ఎడమచేత్తో రాతి గుండు ఆనించి, బయట కుడిచేత్తో చెక్క తెడ్డు పట్టుకుని తట్టడం మొదలుపెట్టేది. తట్టేకొద్దీ ఆ మందపు గోడ పలచనై, సాగి, లోపలికి వంగి, చివరికి అన్ని వైపులనుంచీ వచ్చి కలుసుకుని అడుగు మూసుకునేది. బొజ్జ ఎక్కడ మొదలవ్వాలి, భుజం ఎంత వాలాలి, కుండ నేల మీద ఎలా కూర్చోవాలి అన్నదంతా ఆ తెడ్డు పనే. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి వంటింట్లో ఉన్నా అత్త తట్టిన బానను గుమ్మంలోంచే గుర్తుపట్టేవాళ్ళం. దాని బొజ్జ నడుం దగ్గర ఉండదు, కాస్త కిందికి జారి, నిండు చూలాలు కూర్చున్నట్టు ఉంటుంది.

ఆ తర్వాత రంగు. జాజు ఎర్రమట్టి నీళ్ళలో కలిపి గుడ్డతో పూసి, ఆరీ ఆరకముందే నున్నటి గవ్వతో రుద్దేది. కుండలు కాల్చే ఆవంలో పేర్చేటప్పుడు వాటిని సగందాకా ఊకలో పాతేది. గాలి తగిలిన పై సగం ఎర్రగా, ఊకలో కూరుకున్న కింది సగం నల్లగా కాలేవి. ఎరుపూ నలుపూ కలిసేచోట గీత గీసినట్టు ఉండదు. ఎరుపు ముదురుతూ ముదురుతూ వంకాయ రంగుకు తిరిగి, ఆ వంపు వెంబడి నలుపులోకి దిగిపోతుంది. ఆ బొజ్జ అలా జారకపోతే ఆ రంగు అలా జారదు. ఆ నలుపు కింద లేకపోతే ఆ బొజ్జ అంత నిండుగా కనిపించదు. రిటైరయ్యాక బాపట్లలో షెడ్డు వేసుకుని, కరెంటు సారె, గ్యాసు కొలిమి పెట్టుకుని, సూర్యలంక నల్ల ఇసుకా ఊక బూడిదా నూరి, కాలిస్తే గాజులా మెరిసే గ్లేజు పూతలు కలుపుకుంటున్నదాన్ని, ఈ ఆకారాన్నీ రంగునూ ఒక్కచోట కూర్చోబెట్టడానికి నేనిప్పటికీ నానా తంటాలూ పడుతున్నాను. పాలమీగడ రంగు బాగా వచ్చిందనుకుంటే గిన్నె మొద్దుగా ఉంటుంది, గిన్నె కుదిరిందనుకుంటే గ్లేజు అంచు దగ్గర ముడుచుకుపోతుంది. అత్త మాత్రం పక్కింటావిడతో కబుర్లు చెబుతూ చేసేది.

ఇంత చేసే మనిషి సారె ముట్టకూడదు. అత్తే కాదు, మా ఇంట్లో ఏ ఆడదీ ముట్టకూడదు. మట్టి తొక్కొచ్చు, మొయ్యొచ్చు, తట్టొచ్చు, పుయ్యొచ్చు, ఆవం పొగలో కళ్ళు పోగొట్టుకోవచ్చు. సారె మాత్రం దేవుడు, ఆడది ముట్టుకుంటే కుండలన్నీ ఆవంలో పేలిపోతాయి. రోజూ సాయంత్రం ఆ దేవుడి కింద పడిన బురద ఎత్తి, పాక అలికేది ఎవరయ్యా అంటే ఆడవాళ్ళే, దానికి మైల లేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ పళ్ళు పటపట కొరకాలనిపిస్తోంది. విచిత్రమేమిటంటే ఈ కట్టుబాటుకు కాపలా నాన్న కాదు. నాన్న అసలు దాని గురించి మాట్లాడేవాడే కాదు, మాట్లాడాల్సిన అవసరం ఆయనకు రాలేదు. కాపలా అంతా అత్తే. మా ఆడపిల్లల పరికిణీ అంచు సారె పాక వైపు తిరిగితే చాలు, పెరట్లోంచి కేక వినిపించేది.

ఒకరోజు నాన్నా మామయ్యా తెనాలి వెళ్ళారు. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని కాలవకు పోయింది. నేను పాకలో దూరి సారె దగ్గర కూర్చున్నాను. ఎన్నాళ్ళనుంచో చూస్తున్నదే కాబట్టి కర్ర ఎక్కడ పెట్టాలో తెలుసు. తిరిగింది. తడి మట్టి నా రెండు చేతుల మధ్య కదిలి, వేళ్ళను నెట్టుకుంటూ లేచి నిలబడింది. వంకరటింకరగా ఒక చట్టి లాంటిది తయారైంది. అంత సంతోషం నాకు తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. తలెత్తేసరికి గుమ్మంలో అత్త. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు, అరవలేదు, నా చేతుల కేసే చూస్తోంది. తర్వాత వచ్చి జుట్టు పట్టుకుని లేపి చెంప ఛెళ్ళుమనిపించింది. నా చట్టిని పిడికిట్లో నలిపి గోతిలోకి విసిరేసింది. సాయంత్రం నాన్న రాగానే తనే చెప్పింది. నాన్న సారెకు పసుపునీళ్ళు చల్లి కొబ్బరికాయ కొట్టాడు. మైల పడిందని ఆరబెట్టిన పచ్చికుండలన్నీ మళ్ళీ గోతిలో వేయమన్నాడు. అందులో అత్త వారమంతా కూర్చుని తట్టిన బానలున్నాయి. వాటిని ఒక్కొక్కటే ఎత్తి అత్తే గోతిలో వేసింది. నాన్న అరుగు మీదికి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

ఆ దెబ్బ నాకు తర్వాత చాలా ఏళ్ళు మంటపెట్టింది. నొప్పి వల్ల కాదు. ఆ రోజుల్లో దెబ్బలు తినని పిల్లలెవరు? అత్త మొహం గుర్తుండిపోయింది. పెదాలు వణుకుతూ, కళ్ళు ఎర్రబడి, నన్ను కాదు ఇంకెవరినో కొడుతున్నట్టు కొట్టింది. ఒక పిల్ల సారె తిప్పితే పెద్దమనిషికి అంత కక్ష ఏంటి అనుకునేదాన్ని. అత్తను గౌరవించాను, పండక్కి చీర పెట్టాను, మామయ్య పోయి, కూతురి దగ్గర ఉంటానని ఆవిడ రేపల్లె వెళ్ళిపోయాక నెలకోసారి చూసి వచ్చాను. ఆ ఒక్కటి మాత్రం లోపల అలాగే ఉంచుకున్నాను, ఎందుకు కొట్టావని అడగలేదు.

ఇంక ఇప్పటి సంగతి. ఫొటో చూసిన రోజే ప్రసాదుకు ఫోన్ చేసి దులిపేశాను. వాడు చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. చెయ్యి కూడా మంచిదే. వాడు తీసే పొడుగు మెడ కూజాలూ, రాగి గ్లేజు వేసి నెమలిపింఛం రంగు తెప్పించిన పళ్ళేలూ చూస్తే నాకు ఈర్ష్య పుడుతుంది. కొత్తగా ‘సంధ్య’ అని ఒక వరస చేశాడు, పైన ఎరుపు, కింద నలుపు, జారిన బొజ్జ, అంతా గ్లేజులో. వాటికే జనం ఎగబడుతున్నారట. అది ఎవరి బొజ్జ, ఎవరి రంగురా అంటే, మన ఇంటిదేగా అక్కా అంటాడు. ఇల్లు కుండలు తడుతుందంట్రా అన్నాను. నాన్న సారె మీద చేశాడు, అత్త తట్టి రంగు పూసింది, దాన్ని సహాయమనక ఏమంటారు, నువ్వు ప్రతిదానికీ ముక్కుమీద కోపం తెచ్చుకుంటావు అని నాకే తిరిగి వడ్డించాడు. పైగా అత్తకు లేని బాధ నీకెందుకు, కావాలంటే ఆవిణ్ణే అడుగు అన్నాడు.

అడుగుదామని రేపల్లె వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి, మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వేళ్ళు వంకర్లుపోయాయి గాని ఊరికే మాత్రం ఉండవు. అట్టముక్క మీద పేరు సంగతంతా చెప్పాను. ఆవిడ గింజలు తీస్తూనే వింది. “మీ నాన్న పేరుంటే నా పేరున్నట్టేనే. ఇప్పుడు నా పేరేం చేసుకుంటాను?” అంది. నాకు ఆవిడ మీద కూడా ఒళ్ళు మండిపోయింది. బతికినన్నాళ్ళూ సారెకు కాపలా కాశావు, ఇప్పుడు నీ తమ్ముడి పేరుకు కాపలా కాస్తున్నావు, నీకసలు ఉప్పూ కారం తిన్న రోషం లేదా అని అనేశాను. ఆవిడ కూతురు వంటింట్లోంచి తొంగిచూసింది. అత్త మూతి ముడుచుకుని గింజలు ఒక పక్కకు, పిప్పి ఒక పక్కకు తోసింది. నేను లేస్తుంటే మాత్రం, ప్రదర్శనకు తనను కూడా తీసుకెళ్ళమంది. తన బానలు చూసి చాలా రోజులైందట.

ఆ రోజు నేను బాపట్లనుంచి రైల్లో, అత్తా ఆవిడ కూతురూ రేపల్లెనుంచి తెనాలి చేరాం. హాలు బాగానే సర్దాడు ప్రసాదు. తెల్లటి బల్లలు, ఒక్కో పాత్ర మీద ఒక్కో దీపం, ఆ వెలుగులో గ్లేజు పారుతున్న నీళ్ళలా కనిపిస్తోంది. మధ్యలో ఎత్తు పీట మీద మా ఇంటి పాత బానలు. వాటి పక్కన ఆ అట్ట అలాగే ఉంది, ఒక్క అక్షరం మార్చలేదు. జనం కుర్చీల్లో కూర్చున్నాక వాడు మైకు పట్టుకుని మాట్లాడాడు. మా వంశంలో సారె దేవుడితో సమానం, ఆడవాళ్ళు దాన్ని తాకరు, ఆ నియమం ఈనాటికీ తప్పలేదు అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. మా షెడ్డుకొచ్చి, నా సారె పక్కనే కుర్చీ వేసుకుని, పెసరట్లు తిని, ఈ సారె బాగా తిరుగుతోందక్కా అన్న నోరే అది. లేచి ఏదో ఒకటి అనేసేదాన్నే, ఈలోగా అత్త నా మోచెయ్యి పట్టుకుని, తన బానల దగ్గరికి తీసుకెళ్ళమంది.

వెళ్ళి నిలబడ్డాం. బాన బొజ్జ మీద చెయ్యి వేసి అడుగుదాకా నిమిరింది. తర్వాత అట్టను చూపించి, “ఏమని రాశార్రా నా గురించి?” అని వెనకే వచ్చిన ప్రసాదును అడిగింది. అత్తకు చదువు రాదు. వాడు నా వైపు చూశాడు. నేనెందుకు చదువుతాను, వాడే చదవాలి. చదివాడు. నాన్న పేరు గట్టిగానే చదివి, కింది లైను దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించాడు. చుట్టూ నాలుగు కుర్చీల వాళ్ళు ఇటు తిరిగారు.

“సారె మీంచి దిగినప్పుడు దీనికి అడుగుంటదంట్రా?” అంది అత్త.

“ఉండదత్తా.”

“మరి మూసిందెవరు?”

“నువ్వే అత్తా.”

“మరైతే సహాయం చేసిందెవర్రా?”

గొంతు పెంచలేదు, కోపంగా కూడా అడగలేదు. ఎవరో బంధువు గురించి వాకబు చేస్తున్నట్టు అడిగి, జవాబు కోసం వాడి మొహం కేసి చూస్తూ నిలబడింది. ఈ సంగతి వాడికి తెలియక కాదు, కుమ్మరింట్లో పుట్టినవాడు, అడుగు లేని కుండల మధ్య పాకినవాడు. తెలిసీ రాశాడు, అందుకే నాకు కోపం. తెలియనివాళ్ళకు నేర్పొచ్చు, బతుకంతా అదే పని చేశాను. తెలిసినవాళ్ళను ఏం చెయ్యాలో మాత్రం నాకే పుస్తకంలోనూ దొరకలేదు. వాడు ఆఖరికి, “తప్పయిందత్తా, మళ్ళీ అచ్చు వేయిస్తా” అన్నాడు. అప్పటిదాకా ఎందుకని నేను సంచీలోంచి ఎర్ర పెన్ను తీశాను. దిద్దమనేగా నాకు పంపించాడు. ‘సహాయం’ కొట్టేసి, నాన్న పేరు పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో అత్త పేరు రాశాను. ప్రదర్శన అయిపోయేదాకా ఆ అట్ట అలాగే ఉందని తర్వాత ఎవరో చెప్పారు. కొత్తది వేయించే తీరిక వాడికి దొరకలేదో, నా పెన్నుకు భయపడ్డాడో తెలియదు.

నేను బాపట్ల బండి ఎక్కకుండా అత్తతో రేపల్లె రైలెక్కాను. కిటికీ పక్కన అత్త, ఎదురుగా ఆవిడ కూతురు నిద్రపోతూ. బయట చేలన్నీ కోసేసి ఉన్నాయి, కాలవ ఎండింది. మా చిన్నప్పుడు ఇలాంటి కాలవ కనిపిస్తే అత్త పార కోసం వెతుక్కునేది. ఇప్పుడు అందులో పొక్లెయిన్లు దిగి లారీలకు ఎత్తుతున్నాయి, ఏ మట్టిలో ఉప్పుందో నాకి చూసేవాళ్ళు లేరు. నా షెడ్డుకు మట్టి గోతాల్లో వస్తుంది, జల్లించి, తూచి. అదొక్కటే మారింది. అప్పుడు పసుపునీళ్ళు చల్లి ఆడదాన్ని దూరం పెట్టారు, ఇప్పుడు మైకు పట్టుకుని పెడుతున్నారు, అప్పుడు చప్పట్లన్నా లేవు. ఇదంతా మనసులో పెట్టుకుని ఉడికిపోతున్నదాన్ని, ఉన్నట్టుండి అడిగేశాను. ఆ రోజు నన్నెందుకు అలా కొట్టావత్తా, కుండలు పేలిపోతాయని నిజంగా నమ్మావా అన్నాను.

అత్త కిటికీ వైపునుంచి నా వైపు తిరిగింది.

“పేలిపోతయ్యని నేనెప్పుడూ నమ్మలేదే,” అంది. “నువ్వు సారె ఎక్కావు. రోజూ దాని పక్కనే ఉండి నేను ఎక్కలేకపోయాను. నీ చేతుల్లో ఆ మట్టి లేస్తుంటే చూడలేకపోయానే, ఒళ్ళు మండిపోయింది. అందుకే కొట్టాను.”

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. గుండు పట్టిన ఎడమచెయ్యి, అరచేతిలో కాయలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ చెంపదెబ్బ మీద కోపం రైలు వేమూరు దాటేలోపే పోయింది. మిగతాది పోలేదు. పోనివ్వను.